మీకు తెలుసా? ఫోటో ముందు ఇంకాసేపు నిలబడితే...

గాంధీ, ముందు రాట్నం. 1946లో తీసిన ఆ నలుపు తెలుపు ఫోటో చూడనివాళ్లు మన దేశంలో తక్కువ. పాఠ్యపుస్తకాల్లో చూశాం, ఆఫీసు గోడల మీద చూశాం, క్యాలెండర్లలో చూశాం. అందులో గాంధీ ఏం చేస్తున్నారని ఎవరినైనా అడగండి. నూలు వడుకుతున్నారనే చెబుతారు. నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను. కానీ ఆయన వడకడం లేదు, చదువుకుంటున్నారు. రాట్నం కెమెరాకి దగ్గరగా, నిండుగా ఉంది. దాని వెనక ఆయన కింద కూర్చుని, తల వంచి, చేతిలోని కాగితాల్లోకి చూస్తున్నారు. అవి పత్రికల కత్తిరింపులు. ఫోటోలో ఏదీ దాచలేదు. రాట్నం కనపడగానే మిగతాదంతా మనమే మనసులో నింపేసుకుని పేజీ తిప్పేశాం.

తీసినావిడ మార్గరెట్ బర్క్‌వైట్, అమెరికాలోని 'లైఫ్' పత్రిక ఫోటోగ్రాఫర్. ఆమె పుణేలో గాంధీ దగ్గరికి వెళ్తే ముందు రాట్నం తిప్పడం నేర్చుకోమన్నారు. వడకడం తెలియకుండా వడికేవాణ్ని ఎలా ఫోటో తీస్తావన్నది అక్కడివాళ్ల ప్రశ్న. నేర్చుకుంది. ఆరోజు గాంధీకి మౌనవ్రతం. వెలుతురు కళ్లకి ఇబ్బంది కాబట్టి మూడే మూడు ఫ్లాష్ బల్బులు వాడుకోవడానికి ఒప్పుకున్నారు. మొదటి రెండు ప్రయత్నాలూ వృథా అయ్యాయి. మనం చూస్తున్నది మూడోది. తీయడానికి అంత కష్టపడిన ఫోటోని మనం చూసింది మాత్రం రెండు రెప్పపాట్ల సేపు.

ఈసారి శీర్షిక మొత్తం దీని గురించే. ఫోటో ప్రదర్శనకి వెళ్లినప్పుడు నిదానంగా చూస్తే ఏం కనపడుతుంది, నిదానంగా చూసినవాళ్లకి ఇప్పటిదాకా ఏమేం కనపడ్డాయి.

ముందు కంటి సంగతి. చెయ్యి బారుగా చాచి బొటనవేలు నిలబెట్టి చూడండి. ఆ గోరు ఎంత మేర ఉందో, మన కంటికి ఒక క్షణంలో పూర్తి స్పష్టంగా కనిపించేది దాదాపు అంత మేరే. మిగతాదంతా మసక. ఆ మసక మనకి తెలియకపోవడానికి కారణం కన్ను కుదురుగా ఉండకపోవడమే. సెకనుకి మూడు నాలుగు సార్లు గెంతుతూ ముక్కలు ముక్కలుగా ఏరుకొస్తుంది, మెదడు వాటిని అతికిస్తుంది. అంటే ఫోటోని 'ఒక్కసారిగా' చూడడమన్నది ఎవరికీ కుదరని పని. గోరంత గోరంతగా తడుముతూ పోవాల్సిందే. నాలుగు సెకన్లు నిలబడితే పన్నెండు గోళ్లంత చూసినట్టు. రెండడుగుల వెడల్పున్న ఫోటోకి అదెక్కడ సరిపోతుంది?

ఇంకో సంగతి. కన్ను ఎక్కడికి గెంతాలన్నది మన మనసులోని ప్రశ్నని బట్టి ఉంటుంది. మాస్కోలో అల్‌ఫ్రెడ్ యార్బస్ అనే శాస్త్రవేత్త కనుగుడ్డుకి చిన్న పరికరం అంటించి చూపు నడిచే దారిని గీయించాడు. రష్యన్ చిత్రకారుడు ఇల్యా రేపిన్ వేసిన ఒక బొమ్మని ఒకే మనిషికి పదేపదే చూపించాడు. ఒకసారి ఊరికే చూడమన్నాడు. ఒకసారి బొమ్మలోని వాళ్ల వయసులు చెప్పమన్నాడు. ఒకసారి ఆ ఇంటివాళ్లు ఉన్నవాళ్లా లేనివాళ్లా అన్నాడు. ఒకసారి బట్టలు గుర్తుపెట్టుకోమన్నాడు. బొమ్మ అదే, కళ్లు అవే, కానీ చూపు నడిచిన దారి మాత్రం ప్రతిసారీ వేరు. 1960లలో వచ్చిన ఆ గీతల్ని ఇప్పటికీ పాఠాల్లో చూపిస్తున్నారు. కాబట్టి ప్రదర్శనలో ఒక ఫోటో ముందు నిలబడి ఏమీ తోచకపోతే వెళ్లిపోకండి. ఒక ప్రశ్న వేసుకోండి. ఇది పొద్దునా, సాయంత్రమా? ఈ గదిలో ఎవరు పెద్ద? ఫోటో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? చూపు తనంతట తనే కదులుతుంది.

ఈ మాట నాకు పుస్తకంకన్నా ముందు ఒక పెద్దావిడ నేర్పింది. హైదరాబాద్‌లో ఒక ప్రదర్శనలో గుంటమగ్గం ముందు కూర్చున్న నేతగాడి ఫోటో చూస్తున్నాను. కిటికీలోంచి వెలుగు పడుగు మీద పడుతోంది, ఎంత బాగుందో అనుకుంటూ వెలుగునే చూస్తున్నాను. పక్కన ఒకావిడ వచ్చి నిలబడింది. అరవై దాటి ఉంటాయి. చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లిగా, "పోగు తెగింది బిడ్డా. ఆయన నేస్తలేడు, అతుకుతున్నడు" అంది. అప్పుడు చూశాను. నాడె పక్కన ఊరికే పడి ఉంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి వచ్చి ఉన్నాయి, వాటి మధ్య కనపడీ కనపడనట్టు ఒక దారపు కొస. ఆయన కనుబొమలు ముడిపడింది ఆ కొస కోసం. అంతకుముందు నేను ఆ ముడిని 'కష్టజీవి ముఖం' అని చదువుకున్నాను. ఆవిడది నేతగాళ్ల ఇల్లు. ఆవిడ చూపు నేరుగా వేళ్ల దగ్గరికి వెళ్లింది.

సరే, మామూలుగా మనుషులు ఎంతసేపు చూస్తారు? న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు దూరంనుంచి గమనిస్తూ లెక్కపెట్టారు. 2001లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఒక్కో చిత్రం ముందు గడిపిన సగటు సమయం 27 సెకన్లు. దాన్ని కూడా ఎక్కువసేపు నిలబడ్డ కొద్దిమంది పెంచారు. సగంమంది 17 సెకన్లలోపే కదిలిపోయారు. అందులోనే పక్కనున్న వివరాల చీటీ చదవడం కూడా కలిసి ఉంది. అవి పేరుమోసిన చిత్రాలు. ఫోటోలకైతే ఇంకా తక్కువే ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే ఫోటో చూడడం మనకి పొద్దున లేచింది మొదలు వేలితో పైకి తోసే పని అయిపోయింది.

ఫోటో పుట్టిన తొలిరోజుల్లో ఇలా ఉండేది కాదు. 1838లో పారిస్‌లో లూయీ డాగేర్ తన కిటికీలోంచి కిందనున్న పెద్ద వీధిని వెండిపూత రాగి రేకు మీద బంధించాడు. బులేవార్ దు తాంప్ల్ అని ఆ వీధి పేరు. ఎప్పుడూ బళ్లతో, మనుషులతో కిటకిటలాడే వీధి. ఫోటోలో మాత్రం కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ. చెట్లున్నాయి, మేడలున్నాయి, పొగగొట్టాలున్నాయి, మనుషుల్లేరు. కారణం, ఆ రేకు మీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టేది. నడిచిపోయేవాళ్లు, పరుగెత్తే గుర్రాలు అంతసేపు ఒకచోట ఉండరు కాబట్టి రేకు వాళ్లని పట్టించుకోలేదు. కానీ కింద ఎడమవైపు మూలకి చూపు దించండి. అక్కడ ఒక మనిషి నిలబడి ఉన్నాడు, ఒక కాలు కాస్త ఎత్తి. బూటు పాలిష్ చేయించుకుంటున్నాడు. పాలిష్ పూర్తయ్యేదాకా కదలడు కదా, అందుకని దొరికిపోయాడు. ఫోటోలోకి ఎక్కిన మొట్టమొదటి మనుషులుగా చాలామంది చెప్పేది అతన్నీ, అతని కాళ్ల దగ్గర వంగి ఉన్న పాలిష్ చేసేవాణ్నీ. ఇద్దరి పేర్లూ ఎవరికీ తెలియవు.

1839లో పారిస్ వెళ్లిన శామ్యూల్ మోర్స్ ఈ రేకుల్ని డాగేర్ దగ్గరే చూశాడు. టెలిగ్రాఫ్ మోర్స్, ఆయనే. చిత్రకారుడు కూడా. ఇంటికి రాసిన ఉత్తరంలో ఈ బూటుపాలిష్ మనిషి సంగతి రాశాడు. కాళ్లు కదలలేదు కాబట్టి స్పష్టంగా పడ్డాయని, తల, ఒళ్లు కదిలాయి కాబట్టి పడలేదని. ఇంకొక మాట కూడా రాశాడు. బొమ్మలో దూరాన ఒక బోర్డు ఉందని, అక్షరాలున్నాయని మాత్రం కంటికి లీలగా తెలుస్తోందని, భూతద్దం పెడితే ప్రతి అక్షరం చదవగలిగేలా ఉందని. ఊహించుకోండి. లోకంలో ఫోటో అన్నది ఇంకా ఎవరూ ఎరగని రోజుల్లో, దాన్ని చూసిన మొదటివాళ్లలో ఒకడు ముందు చేసిన పని వంగి, భూతద్దం పెట్టి, మూలమూలా వెతకడం.

ఇంగ్లండ్‌లో కాగితం మీద ఫోటో తీసే పద్ధతి కనిపెట్టిన హెన్రీ ఫాక్స్ టాల్బట్‌కీ ఇదే ఆశ్చర్యం. 1844 నుంచి 1846 దాకా ఆయన 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్' అనే పుస్తకాన్ని భాగాలుగా వేశాడు, ఒక్కో బొమ్మకీ చిన్న వివరణతో. ఒకచోట ఆయన చెప్పిన సంగతి నాకు చాలా ఇష్టం. ఫోటో తీసినవాడికే చాలాకాలం తర్వాత, తను తీస్తున్నప్పుడు ఏమాత్రం గమనించని వస్తువులు అందులో కనపడతాయట. గోడ మీద రాతలు, తేదీలు, ఎక్కడో దూరాన గడియారం, ఆ గడియారంలో ఫోటో తీసిన వేళ. చిత్రకారుడు గీయని గీత చిత్రంలో ఉండదు. ఫోటో అలా కాదు. తీసినవాడు పిల్చినవాళ్లూ వస్తారు, పిలవనివాళ్లూ వస్తారు. నిదానంగా చూసేవాళ్ల కోసం ఎదురుచూసేది ఆ పిలవనివాళ్లే.

రాళ్లు కూడా ఇలా సాక్ష్యం చెప్పాయి. 1855లో క్రిమియా యుద్ధాన్ని ఫోటోలు తీయడానికి వెళ్లిన రోజర్ ఫెంటన్ ఒక లోయ దారిని ఒకే చోటునుంచి రెండుసార్లు తీశాడు. 'మృత్యుచ్ఛాయ లోయ' అన్నది దాని పేరు. రెండూ ఒకేలా ఉంటాయి, ఒక్క తేడాతో. ఒకదాంట్లో ఫిరంగి గుండ్లు దారి పక్కన కాలవలో మాత్రమే ఉన్నాయి, దారి శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో దారి నిండా గుండ్లు. ఏది ముందు తీశాడు? దారి నిండా ఉన్నదే ముందైతే, తర్వాత సైనికులు గుండ్లు ఏరుకుని ఉండొచ్చు. ఖాళీ దారి ముందైతే, ఎవరో గుండ్లు తెచ్చి దారి మీద పేర్చినట్టే. అమెరికన్ దర్శకుడు ఎరల్ మారిస్ 2007లో దీని వెనక పడ్డాడు. క్రిమియా దాకా వెళ్లాడు. నీడలు కొలిపించాడు, సూర్యుడి కోణం లెక్కకట్టించాడు, నిపుణుల్ని అడిగాడు. తలా ఒక మాట చెప్పారు.

చివరికి తేల్చింది గుండ్లు కాదు, నీడలు కాదు, గులకరాళ్లు. రెండు ఫోటోల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి మారుస్తూ చూస్తుంటే వాలు మీద ఉన్న కొన్ని చిన్న రాళ్లు కాస్త చోటు మారినట్టు డెనిస్ పర్సెల్ అనే ఆప్టికల్ ఇంజనీరు గమనించాడు. గుండ్లు పరిచి ఉన్న ఫోటోలో ఆ రాళ్లు కొంచెం కిందికి ఉన్నాయి. వాలు మీద అటూ ఇటూ తిరిగినవాళ్ల కాళ్లు తగిలి జారి ఉంటాయి. రాయి కిందికి దొర్లుతుంది గానీ తనంతట తను పైకెక్కదు. కాబట్టి ఖాళీ దారే ముందు. 152 ఏళ్లపాటు ఎంతమందో చూసిన ఫోటోల్లో ఎవరూ చూడని రాళ్లు అవి. వాటికి మారిస్ మనుషుల పేర్లు కూడా పెట్టుకున్నాడు. గుండ్లు ఎవరు పేర్చారు, ఎందుకు పేర్చారు అన్నది వేరే చర్చ. నన్ను ఆపేసేది ఫెంటన్ గుండ్ల మీదే దృష్టి పెట్టుకుని ఉన్న ఆ సమయంలో, రాళ్లు ఆ కెమెరాలోకే వచ్చి కూర్చున్నాయన్న సంగతి.

కరువుకాలపు అమెరికాలో డొరతియా లాంగ్ 1936లో తీసిన 'వలస తల్లి' ఫోటో చూసే ఉంటారు. చెంపకి చెయ్యి ఆనించుకున్న తల్లి, చెరో భుజం మీద ముఖం దాచుకున్న ఇద్దరు పిల్లలు, ఒళ్లో పసిబిడ్డ. ఈసారి చూసినప్పుడు కింద కుడి మూలకి వెళ్లండి. డేరా గుంజని పట్టుకున్న ఒక బొటనవేలు అక్కడ ఉండేది. అది చూపుని లాగేస్తోందని లాంగ్ 1939 ప్రాంతంలో నెగటివ్ మీద దాన్ని చెరిపించింది. పూర్తిగా పోలేదు. తర్వాతి ప్రింట్లలో జాగ్రత్తగా చూస్తే దెయ్యంలా మసక జాడ ఒకటి కనిపిస్తుంది. వేలు స్పష్టంగా ఉందంటే అది పాత ప్రింటు.

ఆంరీ కార్టియే బ్రెసో 1932లో పారిస్ రైల్వే స్టేషన్ వెనక తీసిన ఫోటోలో నీటిగుంట మీదుగా గెంతుతున్న మనిషిని అందరూ చూస్తారు. నీళ్లలో అతని నీడనీ చూస్తారు. వెనక గోడ మీద పోస్టర్‌లో ఇంకొకరు గెంతుతున్నారు, అతనికి ఎదురు దిక్కుగా. నాకది మూడోసారి చూసినప్పుడు గానీ కనపడలేదు.

మన ఇళ్లల్లోని పాత ఫోటోలకి పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. మీకు తెలుసా, ఆ కాలపు ప్లేట్లకి, చాలా ఫిల్ములకి ఎరుపు కనిపించేది కాదు. నీలం వెలుగుకి బాగా స్పందించేవి, ఎరుపుకి కళ్లు మూసుకునేవి. అందుకే డార్క్‌రూములో ఎర్రలైటు వేసుకుని పనిచేసేవాళ్లు. దీని ఫలితం ఫోటోలో చూడండి. ఎర్రటి కుంకుమ బొట్టు కాటుకలా నల్లగా పడుతుంది. ఎర్ర పట్టుచీర నల్లచీర అయిపోతుంది. నీలాకాశం తెల్లకాగితంలా ఉంటుంది, మబ్బుల్లేకుండా. ముత్తవ్వ పెళ్లి ఫోటోలో నల్లచీర కట్టుకుని ఉందేమిటని ఎవరైనా అడిగితే, అది ఎరుపే అయి ఉండొచ్చని చెప్పండి. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే 1850లలో సముద్రం ఫోటోలు తీస్తూ ఈ తెల్లాకాశంతో విసిగి, మబ్బుల్ని వేరే నెగటివ్ మీద తీసి రెండింటినీ కలిపి ముద్రించాడు. ఆ ఫోటోల ముందు నిలబడితే నీళ్లూ నింగీ కలిసే గీత దగ్గర ఆగి చూడండి, అతుకు అక్కడే.

అలాగే పాత స్టూడియో ఫోటోల్లో నిలబడ్డ మనుషుల కాళ్ల వెనక చూడండి. కొన్నింట్లో బూట్ల వెనకనుంచి ఇనుప పాదం ఒకటి తొంగిచూస్తుంది. తల కదలకుండా వెనకనుంచి పట్టి ఉంచే స్టాండు అది. మన పెద్దల ఫోటోల్లో ఆ బిగుసుకుపోయిన ముఖాలు కోపంవల్ల కాదు, కదలొద్దన్నారు కాబట్టి.

హైదరాబాద్ మాట వచ్చేసరికి రాజా దీన్‌దయాళ్‌ని తలుచుకోకుండా ఉండలేం. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తూ కెమెరా పట్టిన మనిషి. 1880లలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో నడిపాడు, అక్కడ ఫోటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళది. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

ఆయన కాలపు ప్రింటు ఎదురైతే రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, అది పెద్దది చేసిన బొమ్మ కాదు. గాజు నెగటివ్‌ని కాగితానికి ఆనించి ఎండలో పెట్టి తీసిన ప్రింటు. ప్లేటు ఎంతో ప్రింటు అంతే. అందుకే దర్బారులో వెనక వరసలో నిలబడ్డ మనిషి తలపాగా మడతలు కూడా విడివిడిగా ఉంటాయి. నేను చిన్న భూతద్దం సంచిలో వేసుకుని వెళ్తాను, అద్దానికి తాకించకుండా చూస్తాను. రెండు, ఆ కాగితం మీద పూత కోడిగుడ్డు తెల్లసొన. ఆ రోజుల్లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఈ కాగితం తయారుచేసే ఒక్క కర్మాగారమే ఏడాదిలో 60 లక్షలకి పైగా గుడ్లు వాడింది. ఈ ప్రింట్లు వెలుతురుకి పాడవుతాయి, పసుపెక్కుతాయి. వాటిమీద పడే వెలుగుని 50 లక్స్ దగ్గరే ఆపడం మ్యూజియాల పద్ధతి. గది మసకగా ఉంది, లైట్లు వేయొచ్చుగా అని విసుక్కునేవాళ్లని చూస్తుంటాను. ఎండలోంచి వచ్చిన కన్ను ఆ మసకకి అలవాటు పడడానికి కొన్ని నిమిషాలు కావాలి. మొదటి గదిలో ముందు కూర్చోండి. తర్వాత లేచి చూస్తే ఇందాక లేని వివరాలు గోడ మీదికి వస్తాయి.

మన దగ్గర ఇలా చూసే అవకాశాలు లేకపోలేదు. 2015 నుంచి హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతోంది. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల కాలం ఫోటోలున్నాయి. వరంగల్‌కి చెందిన భరత్ భూషణ్ బతుకమ్మ పండగలనీ, పల్లె ఇళ్లనీ, గడపల్నీ ఏళ్ల తరబడి తీశాడు. ఆయన ఫోటోల దగ్గర తొందరపడితే పోయేది మనకే.

ప్రదర్శనలో ఫోన్ తీసి ఫోటోకి ఫోటో తీసుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటు. నేనూ చేసేదాన్ని. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మ్యూజియంలో విద్యార్థులతో ప్రయోగం చేసింది, 2014లో అచ్చయింది. కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమంది, కొన్నింటిని ఫోటో తీయమంది. మర్నాడు అడిగితే ఊరికే చూసినవే బాగా గుర్తున్నాయి, ఫోటో తీసినవి మసకబారాయి. కెమెరా చూసింది కదా అని మనసు వదిలేసినట్టుంది. కానీ దాంట్లోనే ఇంకో ఫలితం ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకి ఆ నష్టం జరగలేదు. ఒక మూలని ఎంచుకోవాలంటే ముందు చూడాలి కదా.

జ్ఞాపకాన్ని కూడా పూర్తిగా నమ్మొద్దు. ఫ్రెంచ్ రచయిత రోలాఁ బార్త్ 1980లో ఫోటోల మీద ఒక పుస్తకం రాశాడు. అందులో జేమ్స్ వాన్ డెర్ జీ 1926లో తీసిన ఒక నల్లజాతి కుటుంబం ఫోటో గురించి చెబుతూ, తన గుండెకి తగిలింది ఒకామె పట్టీల బూట్లు అన్నాడు. కొన్ని పేజీల తర్వాత, ఫోటో ఎదురుగా లేనప్పుడు ఆలోచిస్తే, తగిలింది బూట్లు కాదు, ఆమె మెడలోని సన్నటి బంగారు గొలుసు అని దిద్దుకున్నాడు. తన మేనత్తకి అలాంటిదే ఉండేదట. తర్వాత కళాచరిత్రకారిణి మార్గరెట్ ఓలిన్ ఆ ఫోటో తీసి చూపించింది. ఆమె మెడలో ఉన్నది బంగారు గొలుసు కాదు, ముత్యాల దండ. అంత లోతుగా చూసే బార్త్ కూడా తన మేనత్త గొలుసుని పరాయి మెడలో వేశాడు. చూసి వచ్చిన ఫోటో దగ్గరికి మళ్లీ వెళ్లాలనేది అందుకే. నేను ప్రదర్శనలో ముందు మొత్తం ఒక చుట్టు తిరిగి, మూడు ఎంచుకుని, వెనక్కి వచ్చి ఆ మూడింటి ముందే గడుపుతాను. గోడ మీద చీటీ ఆఖర్న చదువుతాను. 2010 నుంచి ఏటా ఏప్రిల్‌లో చాలా దేశాల మ్యూజియాల్లో 'స్లో ఆర్ట్ డే' జరుపుకుంటున్నారు. ఐదు కళాఖండాలు, ఒక్కోదానికి పది నిమిషాలు, అంతే నియమం.

కొన్ని ఫోటోల ముందు నిలబడడం కష్టం. భోపాల్‌లో 1984 డిసెంబర్‌లో విషవాయువు లీకైన తర్వాత మట్టిలో పూడ్చిపెడుతున్న ఒక పసిబిడ్డని రఘు రాయ్ నలుపు తెలుపులో తీశాడు, అదే బిడ్డని పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లో తీశాడు. బిడ్డ ఎవరో ఇప్పటికీ తెలియదు. చూపు తిప్పుకోవాలనిపిస్తుంది. తిప్పుకోవద్దని నేననలేను. నిలబడగలిగినవాళ్లు నిలబడాలని మాత్రం మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

గాంధీతో మొదలుపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. 1948 జనవరి 30 మధ్యాహ్నం కార్టియే బ్రెసో ఢిల్లీలో గాంధీని కలిసి, న్యూయార్క్‌లో జరిగిన తన ప్రదర్శన పుస్తకాన్ని చేతికిచ్చాడు. గాంధీ ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పారని, కవి పాల్ క్లోదెల్ శవవాహనం వైపు చూస్తున్న ఫోటో దగ్గర ఆగి దీని అర్థమేమిటని అడిగారని ఆ తర్వాత బ్రెసో చెప్పుకున్నాడు. ఆ సాయంత్రమే ప్రార్థనకి వెళ్తుండగా గాంధీని కాల్చారు.

చివరగా ఒక్క మనవి. మా పెద్దత్తయ్యకి ఎనభై ఆరేళ్లు. కిందటేడు మా ఇంటి పాత గ్రూప్ ఫోటో చేతికిస్తే అరగంట దించలేదు. "ఆ కుర్చీ మనది కాదే, కరణంగారింటినుంచి తెప్పించారు" అంది. "వీడి చొక్కా పెద్దన్నయ్యది, చేతులు ఎలా మడిచారో చూడు" అంది. గుమ్మంలో సగమే కనిపిస్తున్న ఒకావిడ మీద వేలు పెట్టి పేరు చెప్పింది. మా అందరికీ నీళ్లు పోసి పెంచినావిడట. ఆ ఫోటో నా చిన్నప్పటినుంచి గోడ మీదే ఉంది, ఆవిడ అందులో ఉందని నాకు తెలియదు. అక్కడే ఫోటోని బోర్లించి పేరు రాసిపెట్టాను. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారం పాత ఫోటోలు దింపి వాళ్ల చేతికివ్వండి, తొందరపెట్టకండి. చెప్పిన పేర్లు వెనకవైపు అంచుల్లో రాయండి. మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా. పెన్ను వాడొద్దు, సిరా ఇవతలికి దిగుతుంది.